పిట్టగోడ నీడ: మిద్దె తోటలో శివరాత్రి లోపు పనులు

(వనస్థలిపురంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, భోగికి ముందటి ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. మైకు వినిపిస్తోందా? వెనకాల కూర్చున్న వదినగారూ, మీకు? సరే.

పండగ ముందు ఆదివారం. అరిసెల పిండి తడారబెట్టి వచ్చినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. అందుకని సుత్తి తక్కువ, పని ఎక్కువ అన్నట్టు మాట్లాడతాను. ఈ బల్ల మీద కుండీ ఎందుకు పెట్టానా అని చూస్తున్నారు కదా. మా ఇంటి మల్లె. ఆటోలో నా ఒళ్ళో కూర్చుని వచ్చింది. దాని సంగతి తర్వాత.

నేను వ్యవసాయం చదువుకున్న మనిషిని కాను. ముప్పై ఒక్కేళ్ళు ఆఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాను. మాది మైలవరం దగ్గర పల్లె, మల్లెతోటల ఊళ్ళు. 1989లో పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. మిద్దె మీద మొక్కలు పెట్టడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. ఈ పద్దెనిమిదేళ్ళలో నేను బతికించిన మొక్కలకన్నా చంపిన మొక్కలే ఎక్కువ. నా అర్హత ఏదన్నా ఉందంటే అదే. (నవ్వులు)

నాకిచ్చిన అంశం, 'వసంతం కోసం చలికాలంలో తోట పనులు'. అంశం మీదే నాకో చిన్న తగవుంది. వసంతం అంటే మన లెక్కలో చైత్ర వైశాఖాలు. ఉగాది నుంచి మొదలు. ఆ రెండు నెలల్లో హైదరాబాదులో ఏముంటుంది? కోకిల కూస్తుంది, నిజమే. వేప పూస్తుంది, మామిడికాయ వస్తుంది. మిద్దె మీద మాత్రం చెప్పులు లేకుండా నడవలేం. వైశాఖంలో పగలు 39, 40 డిగ్రీలు మనకి మామూలు. చలిదేశాల వాళ్ళకి వసంతమంటే మొక్క కళ్ళు తెరిచే కాలం. మన మిద్దె మీద అది మొక్కకి పరీక్ష. చదువంతా ఇప్పుడు, ఈ చలిలో అయిపోవాలి.

ఇది నాకు ఊరికే తెలియలేదు. మొదట్లో నేను కూడా ఫోన్లో వీడియోలు చూసేదాన్ని. ఎవరో ఎక్కడో మంచు పడే ఊళ్ళో చెప్పింది విని, డిసెంబరులో మొక్కలన్నిటికీ గోనెపట్టాలు కప్పాను. మంచు కొట్టకుండానట! హైదరాబాదు చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని తెల్లవారుజాముల్లో ఒక అంకెలోకి దిగుతుందనుకోండి. అయినా మొక్క గడ్డకట్టే చలి మనకి లేదు. నా గోనెపట్టాల కింద గాలాడక మందారానికి పిండినల్లి పట్టింది. చలి నుంచి కాపాడబోయి పురుగుకి పక్క వేశాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. ఒక ఏడు ఉగాది మర్నాడు, కొత్త సంవత్సరం కదా అని సంబరంగా, పదకొండు గులాబీలకి కుండీలు మార్చాను. కొత్త మట్టి, కొత్త ఎరువు, అన్నీ బ్రహ్మాండం. ఏప్రిల్ పదిహేనుకి పదకొండూ కట్టెలయ్యాయి. మట్టి మంచిదే. ఎరువూ మంచిదే. కదిపిన వేరు మళ్ళీ మట్టిని పట్టుకోవాలంటే మూడు నాలుగు వారాలు చల్లటి రోజులు కావాలి. నేను దానికి మూడు నాలుగు రోజులు కూడా ఇవ్వలేదు. పైన ఆకేమో ఎండకి నీళ్ళు అడుగుతోంది, కింద వేరేమో ఇంకా లేచి నిలబడలేదు. ఇక మొక్క ఏం చేస్తుంది?

అప్పటినుంచి నా క్యాలెండరు నుమాయిష్, అదే మన ఎగ్జిబిషన్. నాంపల్లిలో జనవరి ఒకటిన తెరుస్తారు, ఫిబ్రవరి పదిహేనుకి మూస్తారు, 46 రోజులు. వేరు కదిపే పని, కొమ్మ కోసే పని, మట్టి మార్చే పని ఏదున్నా ఆ 46 రోజుల్లోనే. అన్నట్టు నుమాయిష్ మొదలైంది కూడా తోటలోనే. 1938లో మొదటిది పెట్టింది బాగే ఆమ్‌లో, ఇప్పుడు మనం పబ్లిక్ గార్డెన్స్ అంటున్నామే, అక్కడ. నుమాయిష్‌కి వెళ్ళలేని వాళ్ళకి ఇంకో గుర్తు చెప్తాను. 'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అనేవారు మా అమ్మమ్మ. చలి పోయేలోపు మన పని అయిపోవాలి.

పొద్దున ఎవరో అడిగారు, ముందు ఏం చెయ్యాలి, మట్టి కొనాలా, ఎరువు కొనాలా అని. ఏమీ కొనకండి. ముందు ఒక సుద్దముక్క తీసుకుని మిద్దె ఎక్కండి.

మధ్యాహ్నం పన్నెండు దాటి పావుగంట, ఇరవై నిమిషాలకి, మీ దక్షిణం వైపు పిట్టగోడ నీడ ఎంతవరకు పడుతోందో నేల మీద గీత గీయండి. డిసెంబరు, జనవరుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మన హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి, డిసెంబరు 21న నడినెత్తికి రావాల్సిన పొద్దు 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతుంది. మూడడుగుల గోడకి రెండున్నర అడుగుల పైన నీడ పడుతుంది. ఇవాళ కూడా ఇంచుమించు అంతే. ఆ నీడలో మీరేం పెట్టారు? పాలకూర, కొత్తిమీర, ఫెర్ను, మనీప్లాంటు. చల్లగా ఉంది కదా అని.

ఇప్పుడు మార్చి మూడో వారానికి రండి. అదే గోడకి నీడ పదకొండు అంగుళాలు. ఒక కుండీ కూడా పూర్తిగా పట్టదు. మే 9న మన ఊళ్ళో పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది, నీడ మాయమయ్యే రోజని టీవీల్లో చూపిస్తారు, గుర్తుందా? గ్లాసు నిలబెడితే దాని నీడ దాని కిందికే పోతుంది. ఆ రోజు మీ గోడకి నీడే లేదు. మీరేమో 'ఇక్కడ నీడగా ఉంటుంది' అనుకుని పెట్టిన ఫెర్ను అక్కడే ఉంది. దానికేమో కాళ్ళు లేవు, లేచి పక్కకి వెళ్ళడానికి. ప్రతి ఏడూ ఏప్రిల్లో 'నిన్నటిదాకా బాగానే ఉందండీ, ఉన్నట్టుండి మాడిపోయింది' అని నాకు ఫోన్లొస్తాయి. ఉన్నట్టుండి మాడలేదమ్మా. నీడ రోజుకి కాస్త జరుగుతూ పోయింది, మనం చూసుకోలేదు.

మరి ఎండాకాలం నీడ ఎక్కడ దొరుకుతుంది? మెట్ల గదికి తూర్పు పక్క. పొద్దున లేత ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక గది నీడ పడుతుంది. నీళ్ళ ట్యాంకుకి తూర్పున కూడా అంతే. మిద్దె మీద అన్నిటికన్నా ఖరీదైన చోటు అదే. ఇప్పుడే ఖాళీ చేసి పెట్టుకోండి. మా ఇంట్లో అక్కడ పాత కూలరు, విరిగిన సైకిలు ఉండేవి. వాటిని కదిలించడానికి మా వారితో రెండేళ్ళు పోరాడాను. (నవ్వులు)

గ్రీన్ నెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కూరగాయలకి 50 శాతం నీడనిచ్చేది చాలు. 75 కడితే బెండకాయ కూడా పొడుగ్గా సాగి పడిపోతుంది, కాయదు. నెట్ ఇప్పుడు కట్టొద్దు, ఇప్పుడు మొక్కకి ఎండ కావాలి. పైపులు, కొక్కేలు మాత్రం ఇప్పుడే బిగించుకోండి. మార్చిలో వెల్డింగు అతను దొరకడు, దొరికినా రేపొస్తానంటాడు. ఫ్రేము ఉంటే శివరాత్రి వెళ్ళాక ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు నెట్ పరిచేస్తారు. పిట్టగోడకి పైన ఒక జానెడు ఖాళీ వదలండి, వడగాలి బయటికి పోవడానికి.

ఇక కుండీలు మార్చడం. ఏ కుండీ మార్చాలో ఎలా తెలుస్తుంది? నీళ్ళు పోస్తే పైన నిలబడి మెల్లగా దిగుతున్నా, పోసిన వెంటనే అడుగునుంచి బుడబుడా కారిపోతున్నా లోపల వేర్లు చుట్టుకున్నాయని అర్థం. ముందురోజు సాయంత్రం నీళ్ళు పెట్టండి, మర్నాడు మట్టి ముద్దగా ఊడొస్తుంది. ఊడొచ్చాక చూడండి, వేర్లు కొబ్బరిపీచు చుట్టలా కుండీ ఆకారంలోనే తిరిగి ఉంటాయి. అలాగే తీసుకెళ్ళి పెద్ద కుండీలో పెడితే అవి కొత్త మట్టిలోకి పోవు, పాత అలవాటు కొద్దీ అక్కడే తిరుగుతాయి. కత్తితో చుట్టూ ఒక అంగుళం, అడుగున రెండంగుళాలు కోసెయ్యండి. చేతులు వణుకుతాయి, నాకు తెలుసు. కొయ్యండి. కింద ఎంత కోశారో పైన కొమ్మ కూడా ఇంచుమించు అంత తగ్గించండి. వారం రోజులు నీడలో. మూడు వారాల దాకా ఎరువు మాట ఎత్తొద్దు. ఆపరేషనైన మనిషికి బిరియానీ పెట్టం కదా.

మట్టి నా లెక్క, రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు. కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌ని నానబెట్టి ఒకటి రెండుసార్లు పిండి నీళ్ళు పారబోయండి, దాంట్లో ఉప్పుంటుంది. మన బోరు నీళ్ళలో ఉన్న ఉప్పు చాలదా? కుండీ అంచున తెల్లగా పెచ్చు కడుతుందే, అదే. ఈ చలికాలంలో ఒకసారి ఆ పెచ్చు గీకేసి, మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో వచ్చిన రోజు కుండీ నిండా రెండుసార్లు పోసి కిందికి పోనివ్వండి. ఉప్పు దిగిపోతుంది. ఎండాకాలంలో ఈ పని చెయ్యడానికి నీళ్ళుండవు, ట్యాంకరు కొన్న నీళ్ళు ఇలా పారబోయడానికి మనసు ఒప్పదు.

కుండీలు సరాసరి శ్లాబు మీద పెట్టకండి. కింద రెండు ఇటుకలో స్టాండో ఉండాలి. మేలో శ్లాబు పెనంలా ఉంటుంది, ఆ వేడి అడుగు వేర్లకి తగులుతుంది. బరువు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ఇంజినీరు బాబు ఎవరో ఉన్నారు, తప్పైతే దిద్దండి. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల అదనపు బరువు లెక్కేసి కడతారు. అడుగు లోతు తడి మట్టి పోస్తే చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. మడి కట్టి మిద్దెంతా మట్టి పోస్తామనేవాళ్ళు ముందు బిల్డింగు కట్టినాయన్ని అడగండి. బరువైన కుండీలు గోడల మీదుగా, దూలాల మీదుగా ఉండాలి. కుండీలు మార్చే రోజే ఈ సర్దుడు కూడా చేసుకుంటే నడుము ఒక్కసారే నొప్పెడుతుంది.

ఇప్పుడు మల్లె. కత్తెర ఇలా ఇవ్వమ్మా.

ఈ చెట్టు చూడండి. ఎంత నిగనిగలాడుతోందో, ముదురాకుపచ్చ ఆకు. చాలామంది దీన్ని చూసి మురిసిపోతారు, 'మల్లె బాగుంది' అంటారు. మార్చిలో పువ్వు మాత్రం పది, పన్నెండు. మల్లె పూసేది కొత్తగా వచ్చిన చిగురు కొసనే. పాత కొమ్మకి ఆకు తప్ప ఏమీ రాదు. కొత్త చిగురు గుత్తులుగా రావాలంటే పాతది పోవాలి. మా ఊళ్ళో పుష్యమాసం వచ్చేసరికి మల్లెతోటలకి తడి ఆపేసేవారు. తర్వాత గొర్రెల మందల్ని తోలేవారు. గొర్రెలు ఆకంతా మేసేవి, పెంటికల ఎరువు కూడా తోటకే. మా నాన్న మందవాడికి కాఫీ ఇచ్చి మరీ పిలిచేవారు. వనస్థలిపురం మిద్దె మీదికి గొర్రెల్ని తోలలేం కాబట్టి మనమే ఆ పని చెయ్యాలి.

దీనికి నేను డిసెంబరు ఆఖరు నుంచి నీళ్ళు ఆపేశాను. పదిహేను రోజులైంది. ఆకు గట్టిగానే కనిపిస్తోంది కానీ ఇలా దూస్తే... చూశారా, చేతిలోకి వచ్చేస్తోంది. ఈ కొమ్మ అడుగు నుంచి పైకి దూయకండి, కన్ను చిదిగిపోతుంది. ఆకు తొడిమకి పైన, కొమ్మని ఆనుకుని ఈ చిన్న బొడిపె ఉందే, అదే కన్ను. ఆకుని కిందికి వంచి తెంపండి. (కత్తెర చప్పుడు) ఎండుపుల్లలు ముందు. ఇదిగో ఇది, ఇది. ఒకదానికొకటి రాసుకుంటున్న కొమ్మల్లో సన్నది తీసెయ్యండి. మిగిలినవాటిని మట్టి నుంచి అడుగున్నర ఎత్తులో... కన్నుకి పావంగుళం పైన, ఏటవాలుగా. అబ్బే, అయ్యో అనకండి! (నవ్వులు) ఆ కన్ను బయటి వైపుకి చూస్తుండాలి. అప్పుడు చిగురు బయటికి పోతుంది, చెట్టు నడుమన గాలి ఆడుతుంది.

అంతే. ఐదు నిమిషాల క్రితం పచ్చగా ఉన్న చెట్టు ఇప్పుడు పుల్లల కట్ట. ఇంట్లోవాళ్ళు తిడతారు, తిట్టనివ్వండి. పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. తర్వాత ఆ గుల్ల మట్టిలో రెండు దోసిళ్ళ పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నిండా నీళ్ళు పెట్టండి. రెండు మూడు వారాల్లో ఎర్రటి లేత చిగుళ్ళు. మాఘమాసం వెళ్ళేసరికి మొగ్గ. యూరియా మాత్రం వెయ్యకండి, ఆకే వస్తుంది. ఆరు గంటల ఎండ తగలని చోట పెట్టి పూయలేదంటే అది మల్లె తప్పు కాదు. ఇంకొక్క జాగ్రత్త. కాగడా మల్లె ఇప్పుడు పూస్తోంది, దాన్ని ముట్టుకోకండి. అందరూ కత్తెర పట్టుకుని ఇంటికెళ్ళి కనిపించిన మల్లెనల్లా నరికేస్తారేమో అని నా భయం. గులాబీలకి కూడా పెద్ద కోత వానలు వెనకబట్టాక అక్టోబరులోనే అయిపోవాలి. చెయ్యనివాళ్ళు ఇప్పుడు వాడిన పూలు, ఎండుపుల్లలు తీసి ఊరుకోండి.

(సభలోంచి ఒకరు: అమ్మా, మా చామంతి ఈసారి పూయనే లేదు. మొక్క ఇంత ఎత్తుంది.)

ఎక్కడ పెట్టారు సార్?

(గేటు పక్కన. వీధి లైటు కింద.)

అదే మరి! చామంతి రాత్రి పొడుగు చూసుకుని పూస్తుంది. పుష్యంలో పూస గుచ్చినంత పొద్దంటారు కదా, పగలు తగ్గి రాత్రి సాగితేనే దానికి మొగ్గ వెయ్యాలని తెలుస్తుంది. మీ తెల్ల ఎల్‌ఈడీ దీపం రాత్రంతా దాని నెత్తిన వెలుగుతుంటే అది ఇంకా పగలే అనుకుంటోంది పాపం. నాకూ అదే అనుభవం. మలుపులో ఉన్నది విరగబూసింది, దీపం కిందది పచ్చగడ్డిలా ఉండిపోయింది. వచ్చే ఏడు మిద్దె మీద చీకటి మూలకి మార్చండి. పూసినవాళ్ళు పూలైపోగానే మట్టికి మూడు నాలుగు అంగుళాలు ఉంచి కోసేయండి. మొదట్లోంచి పిలకలొస్తాయి. ఎండాకాలం అంతా ఆ పిలకల్ని నేను చెప్పిన మెట్ల గది తూర్పు పక్కన బతికించుకుంటే, జూన్‌లో విడదీసి ఇరవై కుండీలు చేసుకోవచ్చు. కుండీ ఎనభై, వంద పెట్టి ప్రతి డిసెంబరూ కొనక్కర్లేదు.

కూరగాయల మాటకొద్దాం. పాలకూర, మెంతి, కొత్తిమీర సంక్రాంతికి చివరి దఫా చల్లుకోండి. ఫిబ్రవరి దాటాక చల్లితే నాలుగు ఆకులకే పువ్వు తన్నేస్తాయి. టమాటా కొత్తగా నాటొద్దు. పగలు 35 దాటితే, రాత్రి వెచ్చగా ఉంటే పూత రాలిపోతుంది, పిందె కట్టదు. తోటకూర, గోంగూర, బచ్చలి, గంగవాయిలి, ఇవి ఎండకి భయపడవు. వాటికి కుండీలు ఖాళీ చేసి ఉంచండి.

తీగలకి ఇదే అదును. బీర, కాకర, దోస, సొర. మా వైపు ఆనపకాయ అంటాం, నేనిక్కడికొచ్చిన కొత్తలో బండివాడు సొరకాయంటే ఏదో కొత్త కూర అనుకుని కొన్నాను. వీటి గింజలు మరీ చలిలో నాటితే మొలవకుండా కుళ్ళిపోతాయి. కనుమ వెళ్ళాక మొదలుపెట్టి రథసప్తమి లోపు నాటెయ్యండి. కాకర గింజ పెంకు గట్టిది, మొన కొంచెం గిల్లి రాత్రంతా నానబెట్టండి. నారు పోసి పీకి నాటితే తీగజాతి అలుగుతుంది, ఏ కుండీలో కాయాలో ఆ కుండీలోనే నాటండి. శివరాత్రికి తీగ పందిరి ఎక్కిందంటే దాని ఆకే దాని వేరుకి గొడుగు. అదే మార్చి ఆఖర్లో నాటితే రెండాకుల పసిమొక్క నడినెత్తి ఎండలో నిలబడాలి.

'పిందె పడిపోతోందండీ' అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. నాలుగో అంతస్తు మీదికి తేనెటీగలు తక్కువ వస్తాయి. మగపువ్వు కోసి ఆడపువ్వుకి మనమే అద్దాలి. దోస, కాకర పొద్దున్నే. బీర, సొర మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున ఏడింటికి బీరపువ్వు దగ్గరికెళ్ళి అద్దితే లాభం లేదు, పెళ్ళైపోయాక ముహూర్తం పెట్టినట్టు.

మామిడి నేలలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. పర్లేదు, ఆరేడుగురున్నారు. పూత వచ్చి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్ళు పెట్టకండి. కారు కడిగిన నీళ్ళు కూడా పాదులోకి వదలొద్దు. తడి తగిలితే పూయాల్సిన కొమ్మ ఆకు వేస్తుంది. తేనెమంచు పురుగుకి లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, పూత విచ్చుకోకముందే కొట్టాలి. విచ్చాక కొడితే ఈగలు పోతాయి. మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఆ ఈగలే, మనం తోలేస్తామే అవే.

ఎల్లుండి భోగి. మీ వీధిలో ఎండుటాకు ఊడ్చి మంటలో వేస్తారు. వెయ్యనివ్వకండి, సంచుల్లో కూరి తెచ్చుకోండి. ఇప్పటినుంచి మార్చి దాకా వేప, రావి, బాదం ఆకు రాలుస్తూనే ఉంటాయి. మూడు పాళ్ళు ఎండాకు, ఒక పాలు వంటింటి తుక్కు, మధ్య మధ్య పుల్లమజ్జిగో పేడనీళ్ళో. రెండు మూడు నెలల్లో నల్లటి పొడి. కొంత ఆకు అలాగే ఉంచుకుని మార్చిలో ప్రతి కుండీ మీద రెండంగుళాల మందాన కప్పండి, కాండానికి తగలకుండా. నా మిద్దె మీద ఈ ఒక్క పనితో రెండు పూటల నీళ్ళు ఒక పూటకి వచ్చాయి. ఈ మధ్య కొన్నేళ్ళుగా వేపచెట్లకి కొమ్మలు కొసల నుంచి మాడిపోయే తెగులు చూస్తున్నాం కదా, ఫోమోప్సిస్ అనే బూజు. అలా మాడిన ఆకు కుండీ మీద కప్పకండి. భోగి బూడిద మంచిదే, పిడకలది, కట్టెలది అయితే. రంగులేసిన తలుపు చెక్కలు కాల్చిన బూడిద వద్దు. మంచిది కదా అని గుప్పెళ్ళు గుప్పెళ్ళు వేస్తారు, కుండీకి చెంచా చాలు. మన బోరు నీళ్ళే క్షారం, బూడిద ఇంకా క్షారం.

జీవామృతం, అదే పేడ, బెల్లం కలిపి పులియబెట్టే ద్రవ ఎరువు, అడిగారు ఎవరో. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ గారు చెప్పింది 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల ఆవుపేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి. మనకంత అక్కర్లేదు. 10 లీటర్ల బకెట్టుకి అరకిలో పేడ, అరలీటరు మూత్రం, నూరు గ్రాముల బెల్లం, నూరు గ్రాముల శనగపిండి, పిడికెడు మంచి మట్టి. రెండు రోజులు నీడలో, పూటకోసారి కలపాలి. వారం లోపు వాడెయ్యండి. పక్క ఫ్లాటువాళ్ళకి ముందే చెప్పండి, లేకపోతే డ్రైనేజీ పగిలిందని ప్లంబరుని పిలుస్తారు. (నవ్వులు)

(సభలోంచి ఒకావిడ: ఆంటీ, కరివేపాకు నెల నుంచి ఒక్క చిగురు వెయ్యలేదు. రోజూ నీళ్ళు పోస్తున్నా.)

పోయొద్దమ్మా! కరివేపకి చలంటే పడదు. 16 డిగ్రీల కిందికి పోతే చిగురు ఆపేస్తుంది, నిద్రపోతుంది. నిద్రపోతున్నదాని నోట్లో నీళ్ళు పోస్తే ఏమవుతుంది? వేరు కుళ్ళుతుంది. వేలు మట్టిలోకి రెండు కణుపులు దించి చూడు, పొడిగా తగిలితేనే నీళ్ళు. ఫిబ్రవరి నడుమలో కొసలు కత్తిరించి, అప్పుడు మజ్జిగ నీళ్ళు పొయ్యి. అడీనియం కూడా ఇప్పుడు నిద్రలోనే ఉంది, ఆకు రాల్చింది కదా అని కంగారు పడి తడపకు.

టీ వచ్చినట్టుంది. ఇక ఆపుతాను. ఈ మల్లె పుల్లలు కావాలని ఇద్దరు అప్పుడే చేతులు చాపుతున్నారు, కానీ ఈ చలిలో వేరు పట్టడం చాలా నిదానం, ఎక్కువ పోతాయి. వానలు పడ్డాక జూలైలో మా ఇంటికి రండి, కోసిస్తాను. ఆ తలుపు దగ్గర స్వీటు డబ్బాలో బీర గింజలున్నాయి. పోయినేడు మా మిద్దె మీద కాసిన ముదురు కాయవి. మనిషికి ఆరు తీసుకోండి, కాగితప్పొట్లం కట్టి తేదీ రాసుకోండి. ఇవాళ నాటకండి, కనుమ వెళ్ళనివ్వండి. సుద్దముక్క మాత్రం ఇవాళ్టికే. ఇప్పుడు టైమెంతైంది? పదకొండుంబావు. టీ తాగి ఇంటికెళ్ళేసరికి గీత గీయడానికి సరిగ్గా వేళవుతుంది.